విశాఖ వృద్ధి, ఆర్ కార్డు నేపథ్యం

తలసరి ఆదాయంలో ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ జిల్లాదే మొదటి స్థానం. ఆ సగటు పెరుగుతున్నప్పుడు పేదరికం ఎవరింట్లో తగ్గిందో, ఎవరింట్లో ఉండిపోయిందో తెలియాలంటే ఓడరేవు నాటి నుంచి చూడాలి.

1933లో ఓడరేవు మొదలైంది. 1941లో సింధియా షిప్‌యార్డుకు పునాది పడింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు కలాసీలుగా, హెల్పర్లుగా చేరి చాలామంది పర్మినెంట్ అయ్యారు. నెలనెలా జీతం, పీఎఫ్, ఆసుపత్రి, పిల్లలకు బడి. అక్షరం రాని తండ్రి కొడుకు ఐటీఐ చదివాడు. ఇక్కడ పేదరికాన్ని నిజంగా తగ్గించింది ఈ పర్మినెంట్ కొలువేనని నా నమ్మకం.

వృద్ధి తొలిదశలో అసమానత పెరిగినా తర్వాత దానంతటదే తగ్గుతుందనే వాదన 1955లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ వ్యాసంతో బలపడింది. ఆయన చూసింది అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ లెక్కలు. అందులో 95 శాతం ఊహేనని ఆయనే రాసుకున్నారు. అయినా ఆ ఊహనే పట్టుకుని పేదలను ఓపిక పట్టమన్నవాళ్లు ఎందరో.

'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1970లో కేంద్రం ఫ్యాక్టరీ ప్రకటించింది. దానికోసం 64 గ్రామాల్లో సుమారు 22 వేల ఎకరాలు తీసుకున్నారు. పొలానికి పరిహారం, ఇంటికో ఉద్యోగం ఆశ, చేతికి ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చే పునరావాస కార్డు. కార్డులు 16 వేలు దాటాయి. దాదాపు సగం కుటుంబాలకు ఉద్యోగం రాలేదు. ఒకే ఊరివాళ్లు, పక్కపక్క ఇళ్లవాళ్లు. కొలువు దొరికిన కుటుంబం గాజువాకలో స్థలం కొనుక్కుంది. దొరకని కుటుంబం అదే గాజువాకలో అద్దెకు దిగింది. గజం రేటు పెరిగిన ప్రతిసారీ మొదటివాళ్ల ఆస్తి పెరిగింది, రెండోవాళ్ల అద్దె పెరిగింది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పెట్టుబడి ఎక్కువ, మనుషుల అవసరం తక్కువ ఉన్న పరిశ్రమలు వచ్చాయి. పర్మినెంట్ పోస్టుల చోట కాంట్రాక్టు పనులు పెరిగాయి. గంగవరం పోర్టు కోసం మత్స్యకారులను ఖాళీ చేయిస్తుంటే 2006లో పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోయారు. వృద్ధి రేటు ఎంతున్నా, వచ్చిన ఆదాయం కొద్దిమంది దగ్గరే ఆగితే పేదరికం నత్తనడకన తగ్గుతుంది. పేదింటి పిల్ల చదువు మధ్యలో ఆగిపోతే రేపటి వృద్ధికీ అది నష్టమే.

కొండల్లోని గిరిజన ప్రాంతం, ఏజెన్సీది మరో కథ. అనంతగిరి మండలంలో మైనింగ్ లీజుల మీద సమతా అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. నేలను కాపాడిన తీర్పు అది, చాలా గొప్పది. కానీ రోడ్డు, ఆసుపత్రి తీర్పుతో రావు. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు.

2022 ఏప్రిల్‌లో పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. దాంతో విశాఖ సగటులో ఏజెన్సీ లేకుండా పోయింది. అందుకే జిల్లా తలసరి ఆదాయం ప్రకటించే ప్రతిసారీ కాంట్రాక్టు కూలీల వేతనాన్ని, ఉద్యోగం రాని ఆర్ కార్డుల సంఖ్యను, ఏజెన్సీ మండలాల ఆదాయాన్ని కూడా పక్కనే ప్రకటించమని అడగాలి.