దెబ్బ తగిలితే వచ్చే వాపు: అపోహలు - వాస్తవాలు (ఒక పాథాలజిస్టు చెప్పేవి)

నేను పాథాలజిస్టుని, అంటే పేషెంట్ కంటే ఎక్కువగా పేషెంట్ లోంచి తీసిన ముక్కని చూసే డాక్టర్ని. అయినా రిపోర్ట్ తీసుకోడానికి వచ్చినవాళ్ళూ, ఫోన్ చేసే చుట్టాలూ అందరూ అడిగేది ఒకటే, "వాపు తగ్గాలంటే ఏం వేసుకోవాలి" అని. ఆ వాపు ఎందుకొచ్చింది, వచ్చి ఎన్నాళ్ళయింది, తగ్గాల్సిన టైంకి తగ్గుతోందా లేదా, ఇవి మాత్రం అడగరు. నాకైతే అసలు చూడాల్సింది అదే అనిపిస్తుంది.

అపోహ: వాచిందంటే అక్కడ చెడు రక్తం చేరినట్టే

చెడు రక్తం అంటూ విడిగా ఏదీ లేదండి. దెబ్బ తగలగానే అక్కడ చర్మంలో కాపలా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనం వదుల్తాయి, సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం ఎక్కువగా వచ్చి పడుతుంది కాబట్టి చర్మం ఎర్రగా వేడిగా అవుతుంది. ఆ వెంటనే చిన్న సిరల లోపలి గోడ కణాలు కొంచెం ముడుచుకుని మధ్యలో సందులిస్తాయి, ఆ సందుల్లోంచి ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా ఉండే ద్రవం) ప్రోటీన్లతో సహా బయటికి వచ్చేస్తుంది, మనం వాపు అంటున్నది దాన్నే. అందులో యాంటీబాడీలు ఉంటాయి, సూక్ష్మజీవుల్ని చంపడానికి సాయపడే కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఉంటాయి, గడ్డకట్టే ఫైబ్రినోజెన్ ఉంటుంది, అంటే అక్కడికి కావాల్సిన సరుకంతా వచ్చినట్టే.

కావాలంటే ఇప్పుడే చూడొచ్చు. పెన్ను వెనక వైపుతో ముంజేతి మీద గట్టిగా ఒక గీత గీయండి, తోలు లేవకుండా. నిమిషం లోపు గీసినచోట ఎర్రగా అవుతుంది, తర్వాత ఆ ఎరుపు గీత దాటి అటూ ఇటూ పాకుతుంది, కొందరికి గీత కాస్త ఉబ్బుతుంది కూడా. 1920ల్లో థామస్ లూయిస్ అనే డాక్టర్ ఈ మూడింటినీ వరసగా వర్ణించాడు. పక్కకి పాకే ఎరుపు చర్మంలోని నరాల పని, ఉబ్బేది ప్లాస్మా ఊరడం వల్ల.

(రెండు కాళ్ళూ నొప్పి లేకుండా వాచి, వేలితో నొక్కితే గుంట పడేది వేరే కథ, అది గుండె, కిడ్నీ, లివర్ వైపు చూడాల్సిన విషయం, దీంతో కలపొద్దు.)

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ (ఈ ఎరుపు, వేడి, వాపు, నొప్పి) ఉందంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే, యాంటీబయాటిక్ పడాల్సిందే

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. హార్ట్ ఎటాక్ వచ్చి రెండు రోజులకి పోయిన మనిషి గుండె ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే, చచ్చిపోయిన కండరం పోగుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి, మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయిన న్యూక్లియస్ ఉంటుంది కాబట్టి ఎక్కడున్నా గుర్తుపట్టేస్తాం. అక్కడ ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండదు. మరి ఎందుకొచ్చాయి అంటే, కణం పగిలితే లోపలుండాల్సిన ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం), యూరిక్ యాసిడ్, కొన్ని న్యూక్లియస్ ప్రోటీన్లు బయట పడతాయి, అవి బయట కనిపిస్తే చాలు శరీరం దాన్ని గాయం కిందే లెక్కేస్తుంది. సూక్ష్మజీవే ఉండక్కర్లేదు. బెణికిన చీలమండ, కాలిన చెయ్యి, విరిగిన ఎముక అన్నిటిదీ ఇదే దారి. బతికినవాళ్ళ గుండెలో అయితే మూడో రోజు నుంచి వారం దాకా మరో రకం తెల్లకణాలైన మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చిన కండరాన్ని తినేస్తుంటాయి, కొత్త పీచు ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి గోడ పగిలే రిస్క్ ఎక్కువున్న రోజులు కూడా అవే.

అలాగే రిపోర్టులో తెల్లకణాలు 15,000 ఉన్నాయని కంగారుగా వస్తారు (మామూలుగా 4,000 నుంచి 11,000). ఆపరేషన్ అయిన మర్నాడు పెరుగుతాయి, పెద్ద దెబ్బకి పెరుగుతాయి, స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకున్నా పెరుగుతాయి, ఎందుకంటే నాళాల గోడకి అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి రక్తప్రవాహంలోకి వచ్చేస్తాయి. సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) కూడా అంతే, లివర్ తయారుచేస్తుంది, దెబ్బ తగిలిన కొన్ని గంటల్లో మొదలై దాదాపు రెండు రోజులకి బాగా పైకెళ్తుంది. ఆపరేషన్ అయ్యాక రెండో రోజు ఎక్కువుంటే పెద్ద వింతేం కాదు, దిగుతూ దిగుతూ నాలుగో అయిదో రోజు మళ్ళీ పైకి లేస్తే అప్పుడు వెతకాలి. ఒక్క నంబర్ చూసి మందు మొదలెట్టొద్దు అని నేను చెప్తూనే ఉంటా, వాళ్ళు మొదలెడుతూనే ఉంటారు.

అపోహ: చీము పడితే చెడంతా పోతున్నట్టు / చీము పడితే పని అయిపోయినట్టు

రెండూ తప్పే. చీములో ఉండేది చచ్చిన న్యూట్రోఫిల్స్, కరిగిన కణజాలం, సాధారణంగా బ్యాక్టీరియా. ఆ కణాలు అక్కడికి రావడం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది: రక్తంలో జోరుగా పోతున్నవి సిర గోడ మీద మెల్లగా దొర్లుతాయి, అతుక్కుంటాయి, తర్వాత రెండు కణాల మధ్య సందులోంచి ఒళ్ళు సన్నగా చేసుకుని దూరి బయట పడతాయి. కోన్‌హైమ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1867లోనే దీన్ని బతికున్న కప్పలో మైక్రోస్కోప్ కింద చూసి రాశాడు. ఆ అతుక్కునే ప్రోటీనే పుట్టుకతో లేని పిల్లలు అరుదుగా ఉంటారు, వాళ్ళకి రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి కానీ బయటికి రాలేవు, పుండు పడినా చీము పట్టదు, బొడ్డు కూడా చాలా ఆలస్యంగా ఊడుతుంది, ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్ వస్తుంది. చీము లేకపోవడం అన్నిసార్లూ శుభమేం కాదని అందుకే అంటాను. అలాగని గడ్డ కట్టి నిలవున్న చీముని వదిలేయకూడదు, దాని లోపలికి మందు సరిగ్గా చేరదు, డాక్టర్ కోసి తీయాల్సిందే. ఇంట్లో పిండొద్దు.

అపోహ: ఐస్ పెడితే త్వరగా మానుతుంది

ఐస్ నొప్పి తగ్గిస్తుంది, అది నిజం. గాయం మానడం త్వరపడుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. రెస్ట్, ఐస్, కట్టు, ఎత్తు అనే నాలుగు ముక్కల సలహాని 1978లో జనంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కినే 2014లో, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చు అని మాట మార్చాడు. నా లెక్కలో నొప్పి భరించలేకపోతే గుడ్డ చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోండి, రోజంతా అక్కర్లేదు. మొదటి రెండు రోజులు కాపడం, గట్టిగా మర్దనా అసలొద్దు, లోపల రక్తం ఇంకా కారొచ్చు. కాలిన గాయానికైతే ఐస్ ముట్టించొద్దు, చల్లటి కుళాయి నీళ్ళు 20 నిమిషాలు.

అపోహ: పెయిన్‌కిల్లర్ వేసుకుంటే గాయమే మానదు

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారీని ఆపుతాయి (ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1971లో తేల్చాడు), నొప్పీ జ్వరమూ దాని మీదే నడుస్తాయి కాబట్టి తగ్గుతాయి. రెండు మూడు రోజులు వాడితే మామూలు బెణుకు మానకుండా పోదు. పారాసెటమాల్ నొప్పికి పనిచేస్తుంది గానీ వాపు మీద పెద్దగా ప్రభావం ఉండదు. కడుపులో అల్సర్, కిడ్నీ సమస్య, రక్తం పల్చబడే మందులు, నిండు నెలలు ఉన్నవాళ్ళు మొదటి రకం జోలికి సొంతంగా పోవద్దు.

అపోహ: వాపు దిగిపోతే అయిపోయినట్టే

వాపు దానంతటదే ఆరిపోదు, దాన్ని ఆర్పే పని వేరే ఉంటుంది. రిజాల్విన్లు, లైపాక్సిన్లు అనే కొవ్వు పదార్థాలు తయారై కొత్త న్యూట్రోఫిల్స్ రాకని ఆపుతాయి, చచ్చినవాటిని మాక్రోఫేజ్‌లు మింగేసి రిపేర్ వైపు తిరుగుతాయి. ఇదంతా అయినా కుట్లు విప్పే వారానికి చర్మం బలం మునుపటి దాంట్లో పదో వంతే ఉంటుంది, మూడు నెలలకి 70-80 శాతం దాకా వస్తుంది, పూర్తిగా ఎప్పటికీ రాదు. కుట్లు విప్పేశారు కదా అని మర్నాడే బరువులెత్తేవాళ్ళకి ఈ లెక్క తెలియాలి.

అపోహ: పుండుని ఆరబెట్టాలి, పక్కు కట్టాలి

1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన పనిలో తేమగా కప్పి ఉంచిన గాయం మీదే కొత్త చర్మం త్వరగా పాకింది. శుభ్రంగా కడిగి కప్పండి, చాలు. టీటీ ఇంజక్షన్ ధనుర్వాతాన్ని ఆపుతుంది, సెప్టిక్ అవడాన్ని కాదు.

ఇక డాక్టర్ దగ్గరికి ఎప్పుడు అంటే, మూడో రోజు తర్వాత కూడా ఎరుపు పాకుతూ ఉంటే, గాయం నుంచి పైకి ఎర్ర చారలు ఎక్కుతుంటే, చలి జ్వరం వస్తే, దెబ్బకి మించిన నొప్పితో కాలు బిగుసుకుని తిమ్మిరెక్కితే (ఇదైతే గంటల్లో వెళ్ళాలి), చీలమండ బెణికి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే. షుగర్ ఉన్నవాళ్ళకీ స్టెరాయిడ్లు వాడేవాళ్ళకీ ఇన్ఫెక్షన్ ఉన్నా ఎరుపూ నొప్పీ సరిగ్గా కనిపించకపోవచ్చు, వాళ్ళు నొప్పి లేదు కదా అని ఆగకుండా చిన్న పుండైనా చూపించుకోవాలి, అరికాలు రోజూ తిప్పి చూసుకోవాలి.