నిషేధ చట్టాల కింద లింగ గుర్తింపు వైద్యం: ఒక పిల్లల హార్మోన్ల వైద్యురాలు చూసిన అపోహలు, వాస్తవాలు

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో పిల్లల వైద్యంలోనూ ఆపైన ఎండోక్రైనాలజీలోనూ శిక్షణ పొంది, పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మధుమేహం, థైరాయిడ్ సమస్యలు, ఎదుగుదల లోపం ఉన్న పిల్లలే. పుట్టినప్పుడు నమోదైన లింగానికీ తమ మనసుకు తెలిసిన లింగానికీ పొత్తు కుదరక బాధపడే కౌమారులు కూడా 2023 ఆగస్టు వరకు కొందరు వచ్చేవారు. ఆ సెప్టెంబరు 1న ఎస్‌బీ 14 అనే రాష్ట్ర చట్టం అమలులోకి వచ్చి, వారి శరీరాన్ని మనసుకు తెలిసిన లింగానికి దగ్గర చేసే మందులు, ఆపరేషన్లు, అంటే లింగ గుర్తింపు వైద్యం, 18 ఏళ్ల లోపు వారికి ఇవ్వడాన్ని నిషేధించింది. ఇటువంటి చట్టాలు ఇప్పుడు అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాలలో ఉన్నాయి. వీటి గురించి ఇక్కడి తెలుగు కుటుంబాల నుంచీ, మన ఊళ్లలో ఉన్న నా సహాధ్యాయుల నుంచీ తరచు వినే మాటలను, వైద్యుల పనికి సంబంధించినంత వరకు, ఇక్కడ సరిచూస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి: ఇది గర్భస్థ శిశువు లింగ నిర్ధారణకు సంబంధించిన చట్టం కాదు, పేరులోని పోలికను బట్టి ఇద్దరు ముగ్గురు అలాగే అనుకున్నారు.

అపోహ: ఈ చట్టాలు ఆపరేషన్లను ఆపడానికే వచ్చాయి, మందులు రాసే వైద్యులకు భయం లేదు.

వాస్తవం: మైనర్లకు ఇటువంటి ఆపరేషన్లు చాలా అరుదు. చట్టాలు ఎక్కువగా తాకినది మందుల చీటీనే, అంటే యవ్వన వికాసాన్ని తాత్కాలికంగా ఆపే ప్యూబర్టీ బ్లాకర్లనూ, టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లనూ. శిక్షలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. 2022 నాటి అలబామా చట్టం ప్రకారం 19 ఏళ్ల లోపు వారికి ఈ మందులు రాసిన వైద్యుడికి 10 సంవత్సరాల వరకు జైలు, 15,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. ఐడాహోలో కూడా ఇది 10 ఏళ్ల వరకు జైలుకు దారితీసే నేరమే. టెనెస్సీలో ఒక్కొక్క ఉల్లంఘనకు 25,000 డాలర్లు కట్టించుకోవచ్చు. టెక్సాస్‌లో జైలు లేదు గానీ, ఉల్లంఘన రుజువైతే మెడికల్ బోర్డు లైసెన్సును రద్దు చేసి తీరాలి. హెచ్చరించి వదిలేసే వెసులుబాటు బోర్డుకు లేదు. లైసెన్సు పోవడం అంటే ఏమిటో హెచ్1బీ వీసా మీద పనిచేసే మన వైద్యులకు వేరే చెప్పనక్కర లేదు: లైసెన్సుతో ఉద్యోగం, ఉద్యోగంతో వీసా, దశాబ్దాలు సాగే గ్రీన్‌కార్డు వరుసలో నిలబడిన కుటుంబమంతా ఆ ఒక్క కాగితానికే వేలాడుతూ ఉంటారు.

అపోహ: ఆ మందులే ప్రమాదకరమైనవి కాబట్టి నిషేధించారు.

వాస్తవం: నిషేధించినది మందును కాదు, ఆ మందును ఒక కారణానికి వాడడాన్ని. ల్యూప్రోలైడ్ అనే ఇంజెక్షన్‌కు, వయసుకు ముందే యవ్వన లక్షణాలు మొదలైన పిల్లల కోసం, అమెరికా ఔషధ సంస్థ 1993లోనే అనుమతి ఇచ్చింది. ఆ వాడకాన్ని టెక్సాస్ చట్టం కూడా మినహాయించింది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న మినహాయింపు ఆచరణలో ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఏడేళ్ల పాప ఒకతె వచ్చింది. రొమ్ముల ఎదుగుదల కనిపిస్తోంది, ఎడమ చేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు పదేళ్లు చూపిస్తోంది. ఇందులో సందేహానికి తావు లేదు. నేను ఎప్పటిలాగే మూడు నెలలకొకసారి తొడ కండరానికి వేసే ఇంజెక్షన్ రాశాను. మరునాడు మందుల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది: ఇది దేనికోసం, పాప పుట్టుకతో ఆడపిల్లేనా, రాసి పంపగలరా అని. బీమా సంస్థకు ముందస్తు యవ్వనాన్ని సూచించే రోగనిర్ధారణ కోడ్ ఇ30.1 అని అప్పటికే పంపి ఉన్నాను. అయినా మళ్లీ రాశాను, ఎక్స్‌రే నివేదిక జతచేశాను, హార్మోన్ పరీక్షల అంకెలు జతచేశాను. ఇంజెక్షన్ చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ఫార్మసిస్టు మీద నాకు కోపం లేదు, అతని లైసెన్సు భయం అతనిది. కానీ ఈ చట్టంతో ఏ సంబంధమూ లేని ఆ తల్లి, ‘మా పాప మందు మీద కేసేమైనా ఉందా డాక్టరు గారూ’ అని అడిగినప్పుడు చప్పున సమాధానం చెప్పలేకపోయాను.

కోడ్ గురించి ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2024 అక్టోబరు నుంచి టెక్సాస్ అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) ఈ చట్టం కింద కొందరు వైద్యుల మీద దావాలు వేశారు, రోగనిర్ధారణను మార్చి రాశారన్నది ఆ ఆరోపణలలో ఒకటి. వాటిలో ఒక దావాను 2025లో ఆయన కార్యాలయమే ఉపసంహరించుకుంది. ఈలోపు మేమందరం కేసు షీటులో ప్రతి వాక్యాన్నీ, రేపు న్యాయవాది చదువుతాడన్న దృష్టితో రాయడం నేర్చుకున్నాం.

అపోహ: చట్టం ఎంత వరకు కాదన్నదో అంత వరకే చికిత్స ఆగింది.

వాస్తవం: నా అనుభవంలో చట్టం రాసిన దానికంటే రాయని దానివల్లే ఎక్కువ ఆగింది. మిస్సోరీ దీనికి మంచి ఉదాహరణ. అక్కడి చట్టం 2023 ఆగస్టు 28కి ముందే చికిత్స మొదలైన పిల్లలకు కొనసాగించవచ్చని చెప్పింది. అదే చట్టం, తర్వాతి కాలంలో హాని జరిగిందని దావా గెలిచిన వారికి కనీసం 5 లక్షల డాలర్ల పరిహారం దక్కేలా, దావా వేసే గడువు ఏళ్ల తరబడి తెరిచి ఉండేలా నిబంధన పెట్టింది. ఫలితంగా సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, కొలంబియాలోని మిస్సోరీ యూనివర్సిటీ ఆసుపత్రి వ్యవస్థ, రెండూ పాత రోగులకు కూడా మందులు రాయడం మానేశాయి. చట్టం తలుపు సగం తెరిచి ఉంచితే, బాధ్యత భారం దాన్ని మూసేసింది.

టెక్సాస్‌లో ఈ మెలిక ఇంకొక విధంగా వచ్చింది. 2023 జూన్ 1కి ముందే మందులు మొదలై, కనీసం ఆరు నెలల పాటు పన్నెండు సార్లకు తగ్గకుండా మానసిక వైద్య సెషన్లు పూర్తయిన వారికి, సురక్షితమైన పద్ధతిలో క్రమంగా మాన్పించాలని చట్టం చెప్పింది. ఎన్ని వారాలలో అన్నది చెప్పలేదు. ఇన్సులిన్ మోతాదు ఎలా తగ్గించాలో పుస్తకంలో ఉంటుంది. బాగా పనిచేస్తున్న చికిత్సను ఎంత వేగంగా ఆపాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన ఒక పదహారేళ్ల అబ్బాయికి టెస్టోస్టెరాన్ వారానికి 50 మిల్లీగ్రాముల నుంచి 40కి, అక్కడి నుంచి 30కి తగ్గిస్తూ, ప్రతిసారీ ఎందుకు తగ్గించానో, ఎందుకు ఇంకా ఆపలేదో రెండూ రాశాను. ఆ రెండో కారణం రాసేటప్పుడే చెయ్యి ఆగేది.

అపోహ: నిషేధం లేని రాష్ట్రానికి మారిపోతే వైద్యుడికి ఏ చిక్కూ ఉండదు.

వాస్తవం: కాలిఫోర్నియా, మసాచుసెట్స్, మిన్నెసోటా వంటి రాష్ట్రాలు వైద్యులకు రక్షణ చట్టాలు చేసిన మాట నిజమే. అయినా టెక్సాస్ అటార్నీ జనరల్ సియాటిల్ పిల్లల ఆసుపత్రిని కూడా టెక్సాస్ రోగుల రికార్డులు అడిగారు. 2024లో రాజీ కుదిరి, రికార్డులు ఇవ్వకుండానే, ఆ ఆసుపత్రి టెక్సాస్‌లో తన వ్యాపార నమోదును వదులుకుంది. 2025 జనవరి 28న అధ్యక్షుడి ఉత్తర్వు 19 ఏళ్ల లోపు వారి చికిత్సకు ఫెడరల్ నిధులను ముడిపెట్టింది. ఆ జులైలో న్యాయశాఖ ఇరవైకి పైగా వైద్యులకూ క్లినిక్‌లకూ సమన్లు పంపింది. అదే నెలలో, చట్టప్రకారం ఏ నిషేధమూ లేని లాస్ ఏంజెలెస్‌లో, పిల్లల ఆసుపత్రి తన ట్రాన్స్‌జెండర్ యువత కేంద్రాన్ని మూసివేసింది. ఒక్క విభాగం కోసం మొత్తం ఆసుపత్రి నిధులను పణంగా పెట్టలేమన్నది పాలకవర్గాల లెక్క.

అపోహ: అమెరికా సుప్రీంకోర్టు ఈ వైద్యం తప్పని తేల్చేసింది. ఐరోపా కూడా నిషేధించింది.

వాస్తవం: 2025 జూన్ 18న 6–3 మెజారిటీతో వచ్చిన స్క్రమెటీ తీర్పు (స్క్రమెటీ అంటే టెనెస్సీ అటార్నీ జనరల్), టెనెస్సీ చట్టం రాజ్యాంగంలోని సమాన రక్షణ సూత్రాన్ని ఉల్లంఘించలేదని మాత్రమే చెప్పింది, వైద్యం మంచిదా కాదా అన్నది చట్టసభలకు వదిలింది. ఐరోపా విషయం ఇంకా సూక్ష్మమైనది. ఫిన్లాండ్ 2020లో, స్వీడన్ 2022లో ఈ మందుల వాడకాన్ని బాగా కుదించాయి; ఇంగ్లండ్‌లో ఈ చికిత్స మీద డాక్టర్ హిలరీ కాస్ జరిపిన స్వతంత్ర సమీక్ష నేపథ్యంలో 2024లో, పరిశోధన వెలుపల బ్లాకర్లు ఆగిపోయాయి. దీర్ఘకాలిక ఆధారాలు బలహీనంగా ఉన్నాయన్న వారి విమర్శ నిరాధారం కాదని నేనూ ఒప్పుకుంటాను, అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ ఈ చికిత్సను సమర్థిస్తున్నప్పటికీ. అయితే ఫిన్లాండ్, స్వీడన్‌లలో ఆ నిర్ణయం ఆరోగ్య సంస్థలు వైద్య మార్గదర్శకాల ద్వారా తీసుకున్నవి. ప్రత్యేక సందర్భాలకు దారి ఉంచారు, మందు రాసిన వైద్యుడిని జైలుకు పంపే మాట లేదు.

అపోహ: పెద్దల చికిత్సకు, మన దేశానికి దీనితో సంబంధం లేదు.

వాస్తవం: 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు, ఆ నిధులతో 2021 నుంచి హైదరాబాదులో నడుస్తున్న మిత్ర్ క్లినిక్ మూతపడింది, మన దేశంలో ట్రాన్స్‌జెండర్ సమాజం కోసం వెలసిన తొలి క్లినిక్ అది. తర్వాత టాటా ట్రస్ట్స్ సహాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది.

పెద్దల సంగతికి వస్తే, 2023లో ఫ్లోరిడా చట్టం వయోజనులకు కూడా నర్స్ ప్రాక్టీషనర్లు (మందులు రాసే అర్హత ఉన్న నర్సులు) ఈ మందులు రాయకూడదనీ, సమ్మతి పత్రం మీద వైద్యుడి సమక్షంలోనే సంతకం కావాలనీ నియమం పెట్టింది. చాలా క్లినిక్‌లు నర్స్ ప్రాక్టీషనర్ల మీదే నడుస్తున్నందున ఎందరికో మందు ఒక్కసారిగా ఆగింది. టెక్సాస్‌లో అటువంటి నియమం లేదు. నేను మోతాదు తగ్గించుకుంటూ వచ్చిన ఆ అబ్బాయికి 18 నిండిన వారంలోనే పెద్దల ఎండోక్రైనాలజిస్టులు ముగ్గురికి రెఫరల్ పంపాను. ఇద్దరి కార్యాలయాలు ఈ రకం కొత్త రోగులను తీసుకోవడం లేదని ఫ్యాక్సు పంపాయి. మూడో చోట అయిదు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు. అదే ఖాయం చేసుకున్నాం.