బండ్లు ఒకదానికొకటి చెప్పుకునే మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

రోడ్డు మీద బండ్లు తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయని అడిగారు కదా. 2019లో వచ్చిన ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో ఈ ఏర్పాటు ఉంది. అందుకని యూరప్ పద్ధతే చెబుతాను.

కారు తానెక్కడుందో, ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో రేడియోలో చెబుతూనే ఉంటుంది. మధ్యలో టవర్ అక్కర్లేదు. అడ్డంకులు లేకపోతే 800 మీటర్ల దాకా నేరుగా అందుతుంది. కదలకుండా ఉంటే సెకనుకు ఒక్కసారి చాలు. 4 మీటర్లు జరిగినా, దిశ 4 డిగ్రీలు తిరిగినా మళ్లీ చెప్పాలి. కానీ సెకనుకు పదిసార్లు మించకూడదు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు కదా! ట్రాఫిక్ కిక్కిరిసినచోట ఇంకా తగ్గించుకుంటాయి.

ప్రమాద హెచ్చరిక వేరే రకం. మలుపు అవతల లారీ చెడిపోయి ఆగిందనుకోండి. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు చెల్లుతుంది అన్నవి అందులో ఉంటాయి. ఫలానా బండికి అని ఉండదు, ఫలానా చోట ఉన్నవాళ్లకు అని ఉంటుంది. ఆ చోట ఉన్న కార్లు దాన్ని అందుకుని, అవతలివాటికి అందిస్తాయి. నాకు బాగా నచ్చే ఏర్పాటు ఇదే.

అయినా చోటు ఒక్కటే చాలదు. ఫ్లైఓవర్‌ మీద లారీ ఆగితే, కింది రోడ్డులో పోయే కారు అక్షాంశ రేఖాంశాలు కూడా ఇంచుమించు అవే. అందుకే ప్రమాద స్థలానికి చేరే దారి ఆనవాళ్లను, అంటే వెనకటి కొన్ని బిందువులను, సందేశానికి జతచేస్తారు. అందుకున్న కారు తన దారితో పోల్చుకుంటుంది. కలవకపోతే డ్రైవరును కంగారుపెట్టదు.

జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా మామూలే. ఎత్తైన భవనాల మధ్య, సంకేతం గోడలకు తగిలి వస్తే అది ఇంకా పెరుగుతుంది. హైవే మీద ఒక్కో లేను దాదాపు మూడున్నర మీటర్లే కనుక, బండి ఏ లేనులో ఉందో దీన్నిబట్టి గట్టిగా చెప్పలేం. సందేశం ఆలస్యంగా అందినా ఇలాంటి తేడాయే వస్తుంది: గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో 28 మీటర్లు దాటిపోతుంది.

ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉంటుంది, అంటే అది అనుమతి ఉన్న బండి పంపిందేనని, మధ్యలో ఎవరూ మార్చలేదని చూపే గుర్తు. యజమాని పేరు మాత్రం ఉండదు. సంతకం వెనకున్న గుర్తింపును మధ్యమధ్యలో మారుస్తారు, లేకపోతే ఎవరు ఎక్కడికి వెళ్లారో వెంటాడి తెలుసుకోవచ్చు. ఈ జాగ్రత్తను తీసేయడానికి ఎప్పుడూ ఒప్పుకోకూడదు. అయితే సంతకం ఉన్నంతమాత్రాన మాట నిజమని కాదు. సెన్సర్ చెడిన కారు తప్పు స్థానానికి కూడా సంతకం పెట్టేస్తుంది. అందుకే వినే కారు లెక్క చూసుకోవాలి: పదో వంతు సెకనులో 200 మీటర్లు దూకిన బండి మాట నమ్మకూడదు.

ఇట్లు,
మీ పెదనాన్న