లావు సోలు, పాత తగువు

గాయని రిహానా, క్రీడా బూట్ల కంపెనీ ప్యూమా 2023లో మళ్లీ చేతులు కలిపి, లావాటి రబ్బరు సోలుండే తమ క్రీపర్ బూటును ఇంకా లావు సోలుతో మార్కెట్లోకి తెచ్చారు. 2025 జూన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా, కొల్హాపురి చెప్పులను అచ్చం పోలిన జోళ్లను ఊరూ పేరూ చెప్పకుండా మిలాన్ షోలో నడిపించింది. దాంతో ఎప్పటిదో ఒక ప్రశ్న మళ్లీ రాజుకుంది: మామూలు జనం కాళ్లకు వేసుకు తిరిగిన జోడు మీద పెద్ద కంపెనీకి హక్కు ఎక్కణ్నుంచి వచ్చింది? కొల్హాపురి సంగతి మన పత్రికల్లో కావలసినంత వచ్చింది. క్రీపర్ సంగతే సగం తెలిసి, సగం తెలియకుండా ఉంది.

1970ల లండన్‌లో పుట్టిన పంక్ అనే తిరుగుబాటు సంగీతం, వేషం, దాని బ్యాండు సెక్స్ పిస్టల్స్, పిన్నీసులు, చింపిన చొక్కాలు అందరికీ తెలిసినవే. 1993లో పారిస్‌లో డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ చేసిన ఎత్తు బూట్ల మీద నుంచి మోడల్ నయోమీ క్యాంప్‌బెల్ తూలి పడిపోవడం, ఆ బూట్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి చేరడం కూడా చాలామంది చదివే ఉంటారు. రెచ్చగొట్టే బూటు అనగానే ఆ ఫొటోనే వేస్తారు. కానీ ఆ బూటు వల్ల ఎవరికీ కోపం రాలేదు. చూసినవాళ్లు నవ్వారు, చప్పట్లు కొట్టారు, పడిన నయోమీ కూడా నవ్వింది. నిజంగా తన్నుకునేదాకా తెచ్చింది క్రీపరే. దాని కథ మలుపు తిరిగింది 1971, 1977 మధ్య, లండన్ కింగ్స్ రోడ్ 430 నంబరు దుకాణంలో.

1971లో, తర్వాత సెక్స్ పిస్టల్స్‌కి మేనేజరైన మాల్కమ్ మెక్‌లారెన్, వెస్ట్‌వుడ్ అక్కడ లెట్ ఇట్ రాక్ పేరుతో కొట్టు పెట్టారు. వెస్ట్‌వుడ్ అంతకుముందు చిన్నపిల్లల బడిలో టీచరు. కొట్టులో అమ్మిందంతా 1950ల సరుకు: పాత రాక్ అండ్ రోల్ రికార్డులు, మోకాళ్ల దాకా వేలాడే డ్రేప్ కోట్లు, స్వేడ్ తోలు పైభాగం, లావాటి క్రేప్ రబ్బరు సోలు ఉన్న క్రీపర్లు. కోట్లకు మరమ్మతులు వెస్ట్‌వుడ్ స్వయంగా చేసేది. కొనేవాళ్లు టెడ్డీ బాయ్స్, పొట్టిగా టెడ్లు. వీళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు వారం జీతంలోంచి దర్జీకి వాయిదాలు కట్టి కోటు కుట్టించుకున్న తరం. అప్పటికి కొందరికి నలభై దగ్గరపడుతోంది, వాళ్లను చూసి నేర్చుకున్న కొత్త కుర్రాళ్లూ ఉన్నారు. హిప్పీల బెల్‌బాటాల మధ్య తమను మనుషులుగా చూసిన కొట్టు ఒకటి దొరికిందని వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

రెండేళ్లు తిరక్కుండానే యజమానులకు విసుగొచ్చింది. 1973లో బోర్డు మారి మోటారు సైకిల్ కుర్రాళ్ల తోలు జాకెట్లు వచ్చాయి. 1974లో పెద్ద గులాబీ అక్షరాలతో సెక్స్ అని కొత్త బోర్డు, లోపల రబ్బరు దుస్తులు. 1976 చివరికి అది కూడా పోయి, పంక్‌ల బట్టలమ్మే సెడిషనరీస్ అయింది. టెడ్లు పాత మార్గాన్నే పట్టుకు వేలాడే వెనకబాటు మనుషులని మెక్‌లారెన్ విసుక్కున్నాడంటారు. డబ్బిచ్చి కొన్నంతకాలం ఆ వెనకబాటు కనిపించలేదు కాబోలు.

పంక్ చరిత్రలు రాసేవాళ్లు దాటేసే విషయం ఒకటుంది. 1976 మేలో వేలమంది టెడ్లు, రాక్ అండ్ రోల్ అభిమానులు హైడ్ పార్క్ నుంచి బీబీసీ దాకా ఊరేగింపు తీశారు. తమ పాటలకు రేడియోలో చోటు కావాలన్నది డిమాండ్. బీబీసీ దిగొచ్చి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత తమ మాట ఎవరో విన్నారన్న సంతోషం మిగిలింది కొన్ని నెలలే. ఆ ఏడాది డిసెంబరుకల్లా పత్రికల నిండా పంక్‌లు. వాళ్ల ఒంటి మీద తమ డ్రేప్ కోట్లే, చింపి పిన్నీసులు గుచ్చి. కాళ్లకు తమ క్రీపర్లే.

1977 వేసవిలో శనివారాలు కింగ్స్ రోడ్డు మీద టెడ్లు, పంక్‌లు కొట్టుకున్నారు. పోలీసులు దిగారు, ఫొటోగ్రాఫర్లు పండగ చేసుకున్నారు. తప్పంతా ఒక్క వైపుదే అనలేం. టెడ్లలోనూ రౌడీలున్నారు, 1958లో లండన్ నాటింగ్ హిల్ అల్లర్లలో నల్లజాతివాళ్ల మీద పడిన గుంపుల్లో వాళ్లున్న మచ్చా ఉంది. కానీ కోపం మాత్రం అర్థమయ్యేదే. కొత్త సంగీతం వచ్చిందని కాదు, తాము నిష్ఠగా కాపాడుకున్న వేషాన్ని తమకు అమ్మిన కొట్టే వెటకారం చేసిందని.

పంక్‌ల వైపు వాదన చిన్నది. ఏ వేషమూ ఎవడి సొత్తూ కాదు, పాతదాన్ని చింపి కుట్టడమే కొత్త డిజైన్ అన్నారు. దానికి ఆధారం కూడా చూపించొచ్చు. డ్రేప్ కోటు మొదట యుద్ధం అయ్యాక లండన్ సావిల్ రో వీధి దర్జీలు డబ్బున్నవాళ్ల కోసం కుట్టిన ఎడ్వర్డియన్ (ఏడో ఎడ్వర్డ్ రాజు నాటి తరహా) కోటే. కూలీల పిల్లలు దాన్ని ఎత్తుకునేసరికి ఆ బాబులు వదిలేశారు. క్రీపర్ మూలం ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో బ్రిటిష్ సైనికులు వేసుకున్న క్రేప్ సోలు బూటు. దాన్ని 1949లో ఫ్యాషన్ బూటుగా అమ్మింది నార్తాంప్టన్‌షైర్‌లోని జార్జ్ కాక్స్ అనే చెప్పుల కంపెనీ.

తీసుకోవడం వేరు, తీసుకున్నాక కంచె వేయడం వేరు. టెడ్లు గానీ పంక్‌లు గానీ కాగితాలు రాయించుకోలేదు. 2015లో ప్యూమా తన పాత స్వేడ్ బూటుకు క్రీపర్ సోలు తగిలించి, క్రీపర్ అనే పిలిచి, రిహానా పేరుతో వదిలింది. మరుసటి ఏడాది ఫుట్‌వేర్ న్యూస్ పత్రిక దానికి ఆ ఏటి మేటి బూటు బహుమతి ఇచ్చింది. 2017లో ఫరెవర్ 21 అనే బట్టల దుకాణాల సంస్థ చవక నకళ్లు అమ్ముతోందని, తన డిజైన్ పేటెంటును ఉల్లంఘించిందని ప్యూమా కాలిఫోర్నియాలో దావా వేసింది. ఆ సోలు 1949 నుంచి బజార్లో ఉన్నదే. పైన ఉన్న బూటు ప్యూమాదే, కాదనలేం. కానీ కొన్నవాళ్లు ఏం చూసి కొన్నారు? పేరులోనే ఉంది కదా.

2018లో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. కాబట్టి ఆ ఆకారం ఎవరిదో తీర్పు చెప్పే అవసరం కోర్టుకు రాలేదు. జార్జ్ కాక్స్ ఆ కేసులో కక్షిదారు కాదు.