రాపర్ లైబ్రరీ తగవు: మెలిక 2015 ఫెచ్‌లోనే ఉంది

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో వెబ్ అప్లికేషన్లు రాసే తెలుగు కుర్రాళ్ల మధ్య పాత తగవు మళ్లీ రాజుకుంది. సర్వర్‌కు రిక్వెస్ట్ పంపడానికి బ్రౌజర్‌లోనే ఫెచ్ అనే ఫంక్షన్ ఉంది కదా, దాని చుట్టూ తొడుగులా ఉండి అదనపు జాగ్రత్తలు చేర్చే కేవై (ky) లాంటి చిన్న రాపర్ లైబ్రరీ ఎందుకని ఒక పక్షం అడుగుతోంది. ఉండాల్సిందేనని రెండో పక్షం.

ఇదే పనికి అంతకుముందు వాడిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్, జేక్వెరీ రోజులు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2015. క్రోమ్ 42, ఫైర్‌ఫాక్స్ 39లతో ఫెచ్ చేతికొచ్చిన ఏడాది అది. సర్వర్ నుంచి ఏ జవాబు వచ్చినా, 404 (అడిగింది దొరకలేదు) అయినా 500 (సర్వర్‌లో లోపం) అయినా, రిక్వెస్ట్ నెరవేరినట్టే అని దాన్ని రూపొందించినవాళ్లు తేల్చారు. కనెక్షన్ అసలు కుదరకపోతేనే ఎర్రర్. నెట్‌వర్క్ కోణంలో చూస్తే సబబే. కానీ పని సవ్యంగా జరిగిందో లేదో చెప్పే, రెస్పాన్స్‌లోని ఓకే అనే విలువను ప్రతిచోటా చూసుకోవాల్సిన భారం కోడ్ రాసేవాళ్ల మీద పడింది. ఒక్కచోట మరిచిపోతే చాలు, సర్వర్ 500 ఇచ్చినా స్క్రీన్ మీద 'సేవ్ అయింది' అని కనిపిస్తుంది. ఆర్డర్ పెట్టిన దుకాణదారు నమ్మి ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఆర్డర్ ఎక్కడా ఉండదు. రిక్వెస్ట్‌ను మధ్యలో ఆపే అబార్ట్‌కంట్రోలర్ కూడా 2017 దాకా బ్రౌజర్లలోకి రాలేదు.

గుణుపురం దాటి కొండల్లోకి వెళ్తే సిగ్నల్ వచ్చిపోతూ ఉండే చోట్ల ఇవి చిన్న లోపాలు కావు. 2018లో వచ్చిన కేవై ఫెచ్‌నే వాడుకుంటూ ఈ ఖాళీలను పూడ్చింది. 404, 500 వస్తే ఎర్రర్ విసురుతుంది. పది సెకన్ల గడువు పెడుతుంది. సమాచారం తెచ్చే గెట్, ఉన్నదాన్ని మార్చే పుట్ లాంటి రిక్వెస్ట్‌లు విఫలమైతే రెండుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. కొత్తది నమోదు చేసే పోస్ట్‌ను మాత్రం తనంతట తాను మళ్లీ పంపదు, ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం ఉంది కాబట్టి. తొందరలో సొంతంగా రాసుకున్న కోడ్‌లో ఎక్కువగా తప్పిపోయేది ఈ జాగ్రత్తే.

రాపర్‌ను తీసేద్దామన్న పక్షానికి 2022లో, సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 18 బలమిచ్చింది, సర్వర్ వైపు కూడా ఫెచ్ అందుబాటులోకి వచ్చింది కాబట్టి. 2025 సెప్టెంబర్ 8న, బయటి ప్యాకేజీలంటే వాళ్లకున్న భయమూ పెరిగింది. నకిలీ ఈమెయిల్‌తో ఒక డెవలపర్ ఖాతా కాజేసి, చాక్, డీబగ్ లాంటి ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే భాండాగారం) ప్యాకేజీల్లో దొంగ కోడ్ చొప్పించారు. ఆ భయం నిజమైనదే. అయితే ఆ కోడ్ బ్రౌజర్‌లోని ఫెచ్‌నే తన గుప్పిట్లోకి తీసుకుంది. అంటే ఆ ప్యాకేజీలు ఉన్నచోట రాపర్ లేకుండా ఫెచ్ వాడినవాళ్లకూ రక్షణ లేదు. పైగా కేవై ఇంకే ప్యాకేజీ మీదా ఆధారపడదు.

తీసేసినవాళ్లు చివరికి చేసేదేమిటంటే, ఓకే చూడడానికి, గడువు పెట్టడానికి సొంత ఫంక్షన్ ఒకటి రాసుకోవడం. అదీ రాపరే. రాసినవాడు విశాఖకో భువనేశ్వర్‌కో ఉద్యోగానికి వెళ్లిపోతే దాన్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు ఆ పక్షం ఇంకా జవాబివ్వలేదు.