బిట్‌రేట్ పెంచితే బొమ్మ బాగుపడుతుందా? వీడియో కన్వర్షన్‌లో అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం, పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా వృత్తి. ఈమధ్య చాలామంది ఈ పనిని హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే ప్రయత్నించి, కనిపించిన అంకెలన్నిటినీ పైకి జరిపి, ఫైలు మూడింతలైనా బొమ్మ ఎప్పటిలాగే ఉండటం చూసి షాపుకు వస్తున్నారు. ఆ సెట్టింగులలో బొమ్మను మెరుగుపరిచేవి చాలా తక్కువ. ఉన్న బొమ్మలో ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో నిర్ణయించడమే వాటిలో ఎక్కువ భాగం చేసే పని.

అపోహ: బిట్‌రేట్ (ఒక సెకను వీడియోకు వాడే డేటా) ఎంత ఎక్కువ పెడితే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది.

వాస్తవం: “పెన్‌డ్రైవ్ పెద్దదే తెచ్చానండి, బిట్‌రేట్ పూర్తిగా పైకి పెట్టేయండి” అని అడిగేవారికి నేను చెప్పే లెక్క ఇది. వాట్సాప్‌లో వచ్చిన ఒక నిమిషం వీడియో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఉంటే అది సుమారు 15 ఎంబీ అవుతుంది. దానినే 20 మెగాబిట్లకు మారిస్తే 150 ఎంబీ అవుతుంది గాని, వాట్సాప్ కుదించినప్పుడు పోయిన వివరాలు అందులోకి తిరిగి రావు. పైగా మళ్లీ ఎన్‌కోడ్ చేసిన (అంటే కుదించి రాసిన) ప్రతిసారీ ఎంతో కొంత నష్టం అదనంగా చేరుతుంది. 576 గీతల క్యాసెట్ బొమ్మను 4కె చేయమని అడిగేవారికీ ఇదే సమాధానం.

అపోహ: సీఆర్‌ఎఫ్ (బిట్‌రేట్‌కు బదులు నాణ్యత స్థాయిని చెప్పే సెట్టింగు) సంఖ్య పెద్దదైతే నాణ్యత పెరుగుతుంది.

వాస్తవం: ఇది పూర్తిగా తలకిందులు. ఎక్స్264 ఎన్‌కోడర్‌లో ఈ సంఖ్య 0 నుంచి 51 వరకు ఉంటుంది, మనం ఏమీ మార్చకపోతే 23 దగ్గర ఉంటుంది, తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఒకాయన మంచికే అనుకుని 51కి జరిపి తెచ్చిన వీడియోలో పెళ్లికూతురి ముఖం రంగు గడులుగా విడిపోయింది.

స్థిరమైన బిట్‌రేట్ కంటే సీఆర్‌ఎఫ్ ఎందుకు మేలో ఒకే వీడియోలోని రెండు దృశ్యాలను పోల్చి చూస్తే తెలుస్తుంది. ట్రైపాడ్ మీద కెమెరా కదలకుండా ఉండగా పంతులుగారు మంత్రాలు చదివే పది నిమిషాలకు తక్కువ బిట్లు చాలు. పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల నుంచి కోట వైపు ఇసుక వేస్తే రాలనంత జనం మధ్య సాగుతున్నప్పుడు మాత్రం, ప్రతి తలా, ప్రతి చెయ్యీ విడివిడిగా కదులుతుంది కాబట్టి, ఆ రెండు నిమిషాలకు దానికి ఎన్నో రెట్లు కావాలి. సీఆర్‌ఎఫ్ పెడితే ఎన్‌కోడర్ ఎక్కడ ఎంత అవసరమో చూసుకుని పంచుతుంది. సంఖ్యను 6 తగ్గిస్తే ఫైలు సైజు దాదాపు రెట్టింపవుతుంది. నేను సంఖ్యను ఎంచుకునేందుకు దృశ్యంలో పొందూరు ఖద్దరు పంచె కట్టుకున్నవారి కోసం వెతుకుతాను. 20 దగ్గర ఆ బట్ట నేత కనిపిస్తుంది, 30 దాటితే అదే పంచె నున్నటి ప్లాస్టిక్ పట్టాలా మారిపోతుంది.

క్యాసెట్ల విషయంలో మరొక చిక్కు ఉంది. పాత టేపు మీద మినుకుమినుకుమనే రవ్వను కూడా ఎన్‌కోడర్ వివరంగానే భావించి బిట్లన్నీ దానికే ఖర్చు చేస్తుంది కాబట్టి, ముందుగా ఆ రవ్వను తగ్గించే డీనాయిజ్ ఫిల్టరును తక్కువ స్థాయిలో వాడాలి. ఎక్కువైతే మనుషుల ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి.

అపోహ: క్యాసెట్ బొమ్మలో కదలిక దగ్గర వచ్చే గీతలను తీసేసే డీఇంటర్‌లేస్ ఫిల్టరు అవసరం లేదు, కంప్యూటర్ దానంతటదే సరిచేసుకుంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ వీడియోలు పాడయ్యేది ఇక్కడే. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి, ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటిగా రెండు ఫీల్డులు ఉంటాయి, ఆ రెండింటి మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. తప్పెటగుళ్ల క్యాసెట్‌ను కంప్యూటర్‌లో ఆపి చూడండి: నిలబడి ఉన్న ప్రేక్షకులు బాగానే కనిపిస్తారు గాని, గజ్జెల కాళ్లతో ఎగిరే కళాకారుడి మోకాళ్ల దగ్గరా, గుండె మీది తప్పెట అంచులోనూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఆ ఫీల్డులను ఒకదాని తర్వాత ఒకటి చూపేది కాబట్టి అప్పుడు ఈ లోపం తెలియలేదు.

డీఇంటర్‌లేస్ చేసేటప్పుడు బాబ్ అనే పద్ధతి ఎంచుకుంటే ప్రతి ఫీల్డు ఒక ఫ్రేమై సెకనుకు 50 ఫ్రేములు వస్తాయి, ఎగురుడులోని వేగం నిలుస్తుంది. మామూలుగా చేస్తే 25 మిగిలి, కదలికలో సగం పోతుంది. ఫీల్డు వరుస తప్పుగా ఇస్తే కాలు ముందుకు, వెనక్కు వణుకుతుంది, అందువల్ల మినీడీవీ అనే డిజిటల్ కెమెరా టేపులలో కింది ఫీల్డే ముందు వస్తుందని గుర్తుంచుకోవాలి. మొబైల్‌లో తీసిన వీడియోకు మాత్రం ఈ ఫిల్టరు అసలు వాడకూడదు, ఉన్న స్పష్టత కాస్తా పోతుంది.

ఈ విషయం నేను నష్టపోయి నేర్చుకున్నాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక పెళ్లి క్యాసెట్‌ను డీఇంటర్‌లేస్ చేయకుండానే 1080 గీతలకు పెంచి ఇచ్చేశాను, మొదట పట్టిన ఫైలును కూడా చెరిపేశాను. పరిమాణం మారినప్పుడు రెండు ఫీల్డుల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఆ తర్వాత వాటిని ఏ ఫిల్టరూ విడదీయలేదు. కొన్నేళ్లకు వారు మళ్లీ క్యాసెట్ తెచ్చేసరికి టేపుకు బూజు పట్టింది. ఆ ఊరేగింపులో అందరి చేతులూ ఇప్పటికీ దువ్వెనలే.

అపోహ: టూ పాస్ (వీడియోను రెండుసార్లు చదివి ఎన్‌కోడ్ చేయడం) ఎప్పుడూ మెరుగు.

వాస్తవం: ఫైలు ఇంత సైజులోనే ఉండాలన్న షరతు ఉన్నప్పుడే అది ఉపయోగపడుతుంది. అటువంటి షరతు లేకపోతే సీఆర్‌ఎఫ్ చాలు, సమయం కూడా కలిసివస్తుంది.

అపోహ: ఎంకేవీని ఎంపీ4 చేయాలంటే వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు.

వాస్తవం: ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బాలు మాత్రమే, లోపలి సరుకు కోడెక్. లోపల ఉన్నది హెచ్.264 (ఎక్స్264 తయారుచేసే రకం) అయితే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను ముట్టుకోకుండా డబ్బా మార్చుకోవచ్చు; అది సాధారణంగా నిమిషంలోపు పని, నష్టం ఏమీ ఉండదు. పాత టీవీలో ఆడాలనుకుంటే 2003 నాటి హెచ్.264 సురక్షితం. 2013లో వచ్చిన హెచ్.265తో ఫైలు చిన్నదవుతుంది గాని, పాత టీవీలు చాలావరకు దానిని గుర్తించవు. హెచ్.265కు వాడే ఎక్స్265లో మనం ఏమీ మార్చకపోతే సీఆర్‌ఎఫ్ 28 దగ్గర ఉంటుంది కాబట్టి, ఒకదానిలోని సంఖ్యను మరొకదానితో పోల్చకూడదు.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉంటే ఎంత పెద్ద ఫైలైనా ఎక్కుతుంది.

వాస్తవం: ఫ్యాట్32 ఫార్మాట్‌లోని పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. మూడు గంటల వీడియోలో బొమ్మ, శబ్దం కలిపి సెకనుకు దాదాపు 3,200 కిలోబిట్లు దాటితే ఆ హద్దు దాటిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మారిస్తే ఎక్కుతుంది గాని, పాత టీవీలలో కొన్ని దానిని చదవలేవు. అందుకే అటువంటి టీవీ ఉన్నవారికి నేను బిట్‌రేట్ తగ్గించను. స్నాతకం, ఊరేగింపు ఒక ఫైలుగా, జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల వరకు మరొక ఫైలుగా విడదీసి ఇస్తాను.