జ్వరం 103, నాడి 76

"మా మామకు వైరల్ న్యుమోనియా. జ్వరం 103, నాడి మాత్రం 76. గుండె నిబ్బరంగా ఉన్నట్టే కదా?" అని మైదుకూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

కాదమ్మా. జ్వరం 102 ఉంటే నాడి 110, 103కు 120, 104కు 130 దగ్గర ఉండాలి. అంతకు బాగా తగ్గిందంటే బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి, నాడిని నెమ్మది చేసే బిళ్లలు మింగుతున్నారా, టైఫాయిడ్ కూడా ఉందా అని చూడాలి. గుండెలోని కరెంటు దారికే దెబ్బ తగిలిందేమో తెలుసుకోడానికి ఈసీజీ కూడా తీయాలి.

గుండెకు తాళం వేసేది సైనస్ నోడ్, అంటే గుండె పై గదిలో ఉండే చిన్న కణాల ముద్ద. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొడుతుంది. దాన్ని 70కి దించి ఉంచేది మెదడును గుండెతో, ఊపిరితిత్తులతో, పొట్టతో కలిపే వేగస్ నరం. కేసీ (కర్నూలు-కడప) కెనాల్ మీద నీటి కాపలా చూసే లస్కరును చూడండి. షట్టర్ దించేది ఎప్పుడో ఒకసారి, పొద్దంతా గేజి చూసి మట్టం ఎంతుందో ఇంజనీరుకు (ఏఈకి) చెప్పడమే పని. వేగస్ కూడా అంతే, దాని పోగుల్లో దాదాపు 80 శాతం మెదడుకు కబురు మోసేవే. బడిలో బొమ్మ గీసేటప్పుడు మాత్రం బాణాలన్నీ మెదడు నుంచి కిందికే! పిల్లలు మెదడును దొర అనుకోక ఏమనుకుంటారు?

వేగస్ కొసల నుంచి ఊరే ఒక పదార్థం గుండెను నెమ్మది చేస్తుందని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో పట్టుకున్నాడు. అది అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. వేగస్‌కు ఇంకో పని ఉందని 2000లో అమెరికా శాస్త్రవేత్త కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో చూపింది. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) రేగితే మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు టీఎన్ఎఫ్ అనే మంట పదార్థాన్ని వదులుతాయి. వేగస్ ఆ కబురు పైకి చేరవేస్తుంది. మెదడు జవాబు ప్లీహపు (స్ప్లీన్) నరానికి అందుతుంది, అక్కడ నోర్‌ఎడ్రినలిన్ అనే కబురు రసాయనం ఊరుతుంది, దాంతో టి-కణాలనే రక్షణ కణాల్లో కొన్ని అసిటైల్‌కోలిన్ వదులుతాయి, అది మాక్రోఫేజ్ మీది ఆల్ఫా-7 అనే గ్రాహకానికి (కబురు అందుకునే చోటుకు) తగిలి టీఎన్ఎఫ్‌ను తగ్గిస్తుంది. షట్టర్ దిగినట్టే.

షట్టర్ దిగకపోతే గండి పడుతుంది. కేశనాళికల గోడలు వదులై నీరు ఊపిరితిత్తుల గాలి గదుల్లోకి ఊరుతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, మంట పదార్థాలు గుండె కండరం బిగువునూ తగ్గిస్తాయి. ఎడమ జఠరిక (గుండె ఎడమ కింది గది) రక్తాన్ని ముందుకు తోయలేకపోతే కింద తూము మూసిన కాలువలా వెనక మట్టం పెరుగుతుంది. ఆ వెనక ఉన్నది మళ్లీ ఊపిరితిత్తులే. న్యుమోనియా వార్డుకు గుండె డాక్టరు వచ్చేది ఇందుకే.

లస్కరు, అంటే మన వేగస్, మెలకువగా ఉన్నాడా లేదా గుండె చప్పుడే చెబుతుంది. ఊపిరి పీల్చినప్పుడు నాడి కాస్త వేగం, వదిలినప్పుడు నెమ్మది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లో ఈ తేడా చెరిగిపోయి గుండె గడియారంలా కొడుతుంది. నిమిషానికి ఆరుసార్లు మెల్లగా ఊపిరి తీస్తే ఈ తేడా పెరిగే మాట నిజమే. దాంతో వైరస్ చస్తుందనేవాళ్ల మాటకూ తాయెత్తుకూ పెద్ద తేడా లేదు.

మీ మామగారి నాడి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి, 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించొద్దు. ఆక్సీమీటర్ పెట్టేముందు గోళ్ల రంగు ఉంటే తీసి, చేయి వెచ్చబరిచి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి. ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా, ఊపిరి నిమిషానికి 24కు చేరినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవి లేకున్నా, ఇంత జ్వరానికి 76 నాడి అంటే ఈరోజే డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించాలి. బీపీ బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపకండి. అటెనొలాల్ ఉన్నట్టుండి మానితే గుండె ఎదురు తిరిగి ఇంకా వేగంగా కొట్టుకుంటుంది.